ఒంటిచేతి డైమండ్ల స్వెట్టరు

ఆ ఉదయం కళ్లజోళ్ల దుకాణాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. రంగురంగుల డైమండు గళ్లతో అక్క అల్లి సగంలో వదిలేసిన స్వెట్టరు బీరువా అడుగునుంచి బయటికి తీయాలి. దానికి లేని రెండో చెయ్యి ఎవరిచేతనైనా అల్లించాలి. అది తొడుక్కుని, ఏదో పనిమీద వెళ్తున్నట్టు అక్క ఉండే వీధిలోంచి వెళ్లాలి. అక్క గుమ్మంలో ఉంటుంది, చూస్తుంది. చూశాక పలకరించకుండా ఉండలేదు. ఆ తర్వాత ఏమిటన్నది ఆయన ఆలోచించలేదు. పలకరిస్తే చాలు.

అక్కాతమ్ముళ్లకు మాటల్లేక కొన్నేళ్లయింది. ఆస్తి తగాదా ఏమీ కాదు. అక్క ఒక చెయ్యి పూర్తిచేసి, రెండోది మొదలుపెట్టబోతుండగా ఆయన ఆ స్వెట్టరు ఒంటికి ఆనించి చూసుకుని, "అక్కా, గుండెమీది డైమండు కాస్త వంకరగా ఉంది" అన్నాడు. రోజంతా అద్దాలు సరిచూసే కన్ను ఊరుకోదు కదా. "వంకర నీ చూపులో ఉంది" అంది అక్క. మాటకు మాట పెరిగింది. చివరికి అక్క సూదులు విసిరికొట్టి, స్వెట్టరు ఆయన ఒళ్లో పడేసింది. ముందు అక్కే వస్తుందని ఆయన, ముందు వాడే వస్తాడని ఆవిడ. దుకాణం తలుపు చప్పుడైన ప్రతిసారీ ఆయన తలెత్తి చూసేవాడు. అక్క వయసు ఆవిడెవరైనా వస్తే, అడక్కపోయినా కళ్లజోడు తుడిచి ఇచ్చేవాడు.

"ఇంత తిరుగుడెందుకు? తిన్నగా వెళ్లి వదిన తలుపు కొట్టొచ్చుగా" అంది భార్య.

"నేనెందుకు కొట్టాలి? నేనన్నది అబద్ధమా?"

"నిజమే. ఆ నిజాన్ని బీరువాలో పెట్టుకుని కూర్చున్నారుగా."

ఆయన వినిపించుకోకుండా స్వెట్టరు తిరగేశాడు. లోపలివైపు ప్రతి డైమండు అంచునా దారపు కొసలు వేలాడుతున్నాయి. పరాయివాళ్ల చేతికి ఇచ్చేముందు కాస్త శుభ్రం చేద్దామనుకుని, చిన్న కత్తెరతో కొసలన్నీ మొదలంటా కత్తిరించాడు. ఒక రంగును ఇంకో రంగుతో పట్టి ఉంచేవి ఆ కొసలేనని ఆయనకు తెలియదు. తిరగేసి చూస్తే గుండెమీది డైమండు నాలుగువైపులా విడిపోయి కిటికీలా తెరుచుకుంది.

"ఇటివ్వండి, ముడేస్తాను" అంటూ భార్య ఒక దారం లాగింది. ముడి పడలేదు గాని పక్క డైమండు కూడా వచ్చేసింది. "లాగకు" అని ఆయన అటు లాగాడు. "మీరు వదలండి" అని ఆవిడ ఇటు లాగింది. ఇద్దరూ వదిలేసరికి పొట్టమీది వరసంతా నేలమీద ఉంది.

మిగిలినదంతా పట్టుకెళ్తే, ఊలు దుకాణం ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచింది. "కుడితే నిలవదు అన్నయ్యగారూ. మొత్తం విప్పి అల్లాల్సిందే."

మొత్తమా అని ఆయన అడిగేలోపే ఆవిడ చెయ్యి ఆడుతోంది. వీపు పోయింది, మెడ పోయింది, ఉన్న ఆ ఒక్క చెయ్యీ పోయింది. ఒక్కొక్క వరసా కరిగిపోతుంటే, అక్క చేతులు వెనక్కి వెనక్కి వెళ్లిపోతున్నట్టనిపించింది ఆయనకు.

"డైమండ్లు మాత్రం నా చేతకాదు. మా దగ్గర ఊలు కొనే ఆవిడ ఒకరున్నారు, డైమండ్లంటే ఆవిడే. ఈ ఊలంతా సంచీలో వేసి పంపించేస్తాను. ఏమైనా చెప్పమంటారా?"

ఆయన ధ్యాస ఇంకా విప్పిన ఊలు మీదే ఉంది. "వంకర లేకుండా అల్లమనండి. అంతే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే దుకాణం తలుపు చప్పుడైంది. అలవాటుగా తలెత్తాడు. గుమ్మంలో అక్క, చేతిలో ఊలు సంచీ.

"విప్పి పంపుతావురా? ఇష్టం లేకపోతే పారేయాల్సింది. రంగుకు రంగు విడదీసి, పైగా వంకర లేకుండా అల్లమని కబురా?"

"నేను విప్పలేదక్కా."

"దానంతటదే విడిపోయిందా?"

"కాస్త మా ఆవిడ విప్పింది. మిగతాది ఊలు దుకాణం ఆవిడ."

"మరి నువ్వేం చేశావు?"

"కత్తిరించాను."

అక్క మళ్లీ నోరు తెరిచింది. కానీ ఆయన చూపు ఆవిడ కళ్లజోడు మీద ఆగిపోయింది. దుకాణం తెరిచిన కొత్తలో ఆయన చేసిచ్చిన జోడే. అద్దాలు గీతలు పడి పసుపెక్కాయి. ఒక కాడ విరిగితే ఊలు దారంతో కట్టి ఉంది.

"ఇన్నాళ్లూ ఇదేనా? కళ్లు చూపించుకోలేదా?"

"ఎవరికి చూపించుకోను? కళ్లజోళ్ల దుకాణం ఉన్న తమ్ముణ్ని పెట్టుకుని, ఇంకొకరి మెట్లెక్కమంటావా?"

ఆయన డైమండు వంకర చూశాడు గాని, అది అల్లిన కళ్లను చూడలేదు. కుర్చీ జరిపి అక్కను కూర్చోబెట్టాడు. అద్దం తర్వాత అద్దం మార్చాడు. ఎదుటి గోడమీది చిన్న అక్షరాలన్నీ చదివాక, అక్క సంచీలోంచి ఒక ఉండ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒరేయ్, ఇది నీలమా?"

"అవును."

"ఆకుపచ్చనుకుని అల్లానే."

"తెలుసు."

"తెలిస్తే చెప్పొద్దూ?"

"ఒక్క డైమండు సంగతి చెప్తేనే ఇన్నేళ్లు మాట్లాడలేదు నువ్వు."

అక్క పెదవులు బిగించింది గాని నవ్వు ఆగలేదు. ఆ కొత్త అద్దాల్లోంచి ఆయన మొహాన్ని చాలాసేపు చూసింది. "ముసలాడివైపోయావురా" అంది మెల్లగా. తర్వాత చిక్కుపడ్డ ఊలంతా ఒళ్లోకి తీసుకుంది. "ఏం చూస్తున్నావు? చేతులు చాపు."

ఆయన ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాపాడు. చిన్నప్పుడు కూడా ఇలాగే కూర్చునేవాడు, కదిలితే అక్క మొట్టేది. ఇప్పుడు కదల్లేదు. అక్క ఆ చేతులకు ఊలు చుడుతూ, ఇన్నేళ్ల కబుర్లూ మొదటినుంచి మొదలుపెట్టింది.

ఆ పూట కళ్లజోళ్లకని వచ్చినవాళ్లంతా తిరిగి వెళ్లిపోయారు. యజమాని చేతులు ఖాళీగా లేవు.