కుళాయిలోకి ఎక్కిన చుక్క

నీళ్లు లేకపోయినా ఊరు బతుకుతుంది. (ట్యాంకరు ఉంది, పక్క వీధిలో బంధువులున్నారు, ఓపిక ఉంది.) కానీ వెబ్‌సైటు నెత్తిన కదిలే బ్యానరు లేకపోతే నీటి సరఫరా కార్యాలయం బతకదు. ఈ సత్యం గ్రహించిన మా ఊరి కార్యాలయంవారు ఆ బ్యానరు పనిని మా అక్కకు అప్పగించారు.

అక్క బ్యానర్లు గీసి, కదిలించి బతుకుతుంది. ఈ పని ఒప్పుకోవడంలో ఆమెకు స్వార్థం ఉంది, దాచడం ఎందుకు. మా వీధి కుళాయి గొంతెండి నెలలైంది. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరు దగ్గర నిలబడి, నొప్పి మోకాళ్లతోనే అమ్మ బకెట్లు మోసుకుంటూ మెట్లెక్కుతుంది. మేం మోస్తామంటే వినదు. (సగం ఒలకబోస్తామని ఆమె అభిప్రాయం. నిజమే.) పైపు బాగుచేయమని ఫోన్ చేస్తే కార్యాలయంవారు వెబ్‌సైటులో చెప్పమంటారు. వెబ్‌సైటులో చెప్పుకోవడానికి చోటు లేదు. అందుకని అక్క తన బ్యానరులోనే ఆ చోటు పెట్టింది.

"బటన్ పడనీ అమ్మా, మొదటి ఫిర్యాదు మనదే," అంది.

బ్యానరు తీరు ఇది. ముందు కార్యాలయం పెద్దసారు నవ్వుముఖం కనిపించి మాయమవుతుంది. తర్వాత కుళాయి నుంచి ఒక చుక్క కిందున్న బకెట్లో పడుతుంది. ఆఖరున "నీళ్లు రావడం లేదా? ఇక్కడ నొక్కండి" అనే బటన్ వచ్చి, ఇక అక్కడే ఉండిపోతుంది. ఆమోదాల సూపరింటెండెంటు ఒక్క మార్పే కోరాడు.

"సారు ముఖం ఊరికే వచ్చి పోతే ఏం బాగుంటుందమ్మా? నొక్కితే సారుకి అభినందనలు వెళ్లేలా పెట్టండి."

వచ్చి పోయే ముఖమే కదా, ఎవరు నొక్కొచ్చారులే అని అక్క పెట్టేసింది.

ఇక ఆమోదం. నిబంధన ప్రకారం సంతకం కాగితం మీదే పడాలి. అక్క అచ్చు తీసి ఇచ్చింది. సూపరింటెండెంటు కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, కొంచెం ఊపి కూడా చూశాడు.

"ఇది కదలట్లేదమ్మా."

"కాగితం మీద కదలదండీ. కంప్యూటర్లో చూడండి."

"కంప్యూటర్ మీద సంతకం ఎలా పెట్టమంటారు? తెర పాడవదూ?"

(ఆయన మాట కొట్టిపారేయలేం. ఇదివరకు ఒకాయన పెట్టాడట.)

చివరికి మధ్యేమార్గం దొరికింది. ప్రతి కదలికనూ విడివిడిగా అచ్చు తీసి, ఫైలులో కుట్టి, అటెండరు బొటనవేలితో తిప్పుతుంటే అధికారులు చూడాలి. అటెండరు వేలి వేగమే బ్యానరుకు అధికారిక వేగం. భోజనానికి ముందు వేగమా, తర్వాతి వేగమా అన్నదాని మీద సమావేశాలు జరిగాయి. చివరకు ఆకలి మీదున్న వేలి వేగాన్నే ఖాయం చేశారు. కార్యాలయంలో అంత వేగంగా జరిగే పని మరొకటి లేదు కాబట్టి ఇది గర్వకారణమని పక్కన రాశారు.

ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఏ కార్యాలయం ఫైలులోనైనా ముందొచ్చిన కాగితం అడుగునా, ఆఖరున వచ్చింది పైనా ఉంటాయి. ఫైలు కుట్టిన గుమాస్తా తన సర్వీసులో ఎన్నడూ తప్పని ఈ పద్ధతిని ఇక్కడ మాత్రం ఎందుకు తప్పుతాడు? అటెండరు వేలు తడి చేసుకుని తిప్పాడు. మొదట బటన్ తళుక్కుమని మాయమైంది. బకెట్లోని చుక్క లేచి కుళాయిలోకి దూరింది. ఆపైన పెద్దసారు ముఖం వచ్చి, నవ్వుతూ, అక్కడే ఉండిపోయింది.

అక్క నోరు తెరిచేలోపే పెద్దసారు కళ్లు తుడుచుకున్నాడు.

"మొత్తం నా దగ్గరికొచ్చి ఆగింది, చూశారా? అదీ డిజైన్ అంటే!"

"నీళ్లు పైకి పోతున్నాయండీ," అంది అక్క.

"పొదుపమ్మా," అన్నాడు సూపరింటెండెంటు. "జనానికి తెలియాలి."

సంతకాలు పడ్డాయి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే చోట దూడ రంగు గురించి వాదించి లాభం లేదు. సంతకమైన వరసను మార్చాలంటే ఫిర్యాదు చేయాలనీ, ఫిర్యాదు ఆ బటన్ ద్వారానే చేయాలనీ అక్కకు మర్యాదగా చెప్పి, టీ ఇచ్చి పంపారు. వెబ్‌సైటుకు ఎక్కించే ఉద్యోగి ఫైలు పక్కన పెట్టుకుని, ప్రతి బొమ్మనూ దాంతో సరిచూసుకుని మరీ ఎక్కించాడు.

ఆ రోజు అమ్మ కళ్లజోడు తుడుచుకుని, ఫోను మీద వేలు పెట్టి సిద్ధంగా కూర్చుంది. అక్క వెబ్‌సైటు తెరిచింది.

"ఏదే బటన్?"

"పోయిందమ్మా."

"ఇప్పుడేగా తెరిచావు!"

"మళ్లీ తెరుస్తా, కాచుకో."

కాచుకుంది. నొక్కింది. వేలు పడేసరికి బటన్ ఉన్నచోట పెద్దసారు ముక్కు ఉంది. "మీ అభినందనలు పెద్దసారుకు చేరాయి. ధన్యవాదాలు" అని తెర మీద వచ్చింది.

అమ్మ పట్టు వదిలే మనిషి కాదు. మళ్లీ నొక్కింది. సంగతి తెలిసి వీధంతా నొక్కింది. పక్కింటి దర్జీ, ఎదురింటి టీచరమ్మ, కింది వాటా బాబాయి, అందరూ పని మానుకుని నొక్కారు. "ముక్కు మీద కాదు పిన్నీ, గడ్డం కింద నొక్కు," అని సలహాలిచ్చుకున్నారు. కోపం వచ్చినకొద్దీ ఇంకా ఇంకా నొక్కారు. నాకు నవ్వూ వచ్చింది, కడుపూ మండింది.

ఆ తర్వాత రావలసిన ట్యాంకరు రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మ బకెట్లు వరసలో పెట్టి, ఎండలో నిలబడి నిలబడి, గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అది చూసి అక్క కార్యాలయానికి పరిగెత్తింది, వెనకాలే నేను. సూపరింటెండెంటు లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు.

"మీ వీధి నుంచి వచ్చినన్ని అభినందనలు మిగతా ఊరంతా కలిపినా రాలేదమ్మా. సారు పొంగిపోయారు!"

"మా ట్యాంకరు ఏదండీ? ఇంట్లో తాగడానికి చుక్క లేదు."

"పక్క వీధికి పంపాం. నీళ్లు లేకుండానే ఇంత సంతోషంగా ఉన్నవాళ్లకి నీళ్లెందుకు, ఏడుస్తున్నవాళ్లకి ఇద్దాం అన్నారు సారు."