సేరుకు ఒక నెల

నేరాన్ని తూచవచ్చునని లోకానికి మొట్టమొదట చాటిచెప్పిన ఘనత మొయినాబాద్ ఠాణాది. ఇతర రాజ్యాల్లో న్యాయమూర్తులు నిందితుడి బుద్ధి ఎటువంటిది, ఇంటి పరిస్థితి ఏమిటి అని ఆలోచించి ఆలోచించి జుట్టు తెల్లబరుచుకుంటుంటే, ఇక్కడ ఒక్క తరాజుతో పని తేలిపోయేది. దొంగ గంజాయి సేరుకు ఒక నెల ఖైదు. సేరులోపు అయితే నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పంపడం. ఇంతకన్నా సమన్యాయం ఎక్కడుంటుంది? తరాజుకు బీద, గొప్ప అనే భేదం తెలియదు. (ఠాణాకు ఎదురుగా ఉన్న సర్కారీ దుకాణంలోనూ గంజాయిని తూచేవారు. అక్కడ తూచి అమ్మేవారు.)

ఈ ధర్మకాటా మీదికి ఎక్కినవాడు ఆలూరు ఎంకయ్య. అవి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఎంకయ్య పటేలు పొలం కౌలుకు చేసుకునేవాడు. అతని ఎడ్లలో ఒకదానికి పారుడు రోగం. నాలుగు రోజులు నడిస్తే రెండు రోజులు పడుకునేది. గంజాయి ఆకు బెల్లంతో నూరి మింగిస్తే లేచేది. సర్కారీ దుకాణంలో అడిగితే మనుషులకు తప్ప అమ్మమన్నారు. (ఎద్దుకు వ్యసనం ఉన్నట్టు రుజువు లేదు.) ఇక లాభం లేదని మాఘమాసంలో జాగీరు ఊళ్లో ఉన్న అక్క అంతమ్మ ఇంటికి పోయి, పెరట్లో మొలిచిన చిన్న మొక్కను వేళ్లతో సహా తవ్వి, తడిగుడ్డలో చుట్టుకుని బయలుదేరాడు. జాగీరులో సర్కారు చట్టం చెల్లదు గనుక అక్కడ అది పెరటి మొక్క. మొయినాబాద్ చివర చేవెళ్ల బాట మీద మూటలు విప్పి వెతికే నాకా దగ్గరికి వచ్చేసరికి అదే దొంగ రవాణా అయింది.

ఠాణాకు పెద్ద అమీన్ సాహెబు. ఆయన మొక్కను తూపించాడు. మట్టితో కలిపి అరసేరు. ఎంకయ్య గుండె కుదుటపడింది. కానీ అమీన్ సాహెబు దస్తూరు, అంటే సర్కారీ పద్ధతి, తెలిసిన మనిషి. ఠాణా తూకం తూకం కాదు, తీర్పు రోజున మున్సిఫ్ దొరవారి ఎదుట తూచిందే తూకం. అంతవరకు సొత్తు చెడకూడదు. చెడితే కాపలా జవాను జీతం పోతుంది. ప్రాణమున్న సొత్తు చెడకుండా ఉండటమంటే బతికి ఉండటమే గనుక, మొక్కను కుండలో నాటించి, జవాను స్వామిదాసుకు అప్పగించి, ఎంకయ్యను ఆ కుండకు ఎదురుగా ఉన్న ఖైదు కొట్లో వేశాడు. మున్సిఫ్ దొరవారు నెలల తరబడి రాలేదు. (ఒకసారి లెవీ ధాన్యం పని, ఇంకోసారి గుర్రానికి జ్వరం.)

స్వామిదాసు మంచివాడు, ఆదివారం ప్రార్థన తప్పనివాడు, కానీ పుట్టి బుద్ధెరిగి మొక్క ముట్టినవాడు కాదు. జీతం పోతుందన్న భయంతో మిట్టమధ్యాహ్నం బకెట్టెడు నీళ్లు తెచ్చి కుండలో గుమ్మరించేవాడు. ఆకులు పసుపెక్కి వేలాడసాగాయి.

రొట్టె తెచ్చిన ఎంకయ్య పెళ్లాం నీలమ్మ, మొగుడి కన్నా ముందు ఆ మొక్కనే చూసింది. ఆమె ముఖం వెలిగింది.

"ఇగ నాలుగు దినాలైతే ఎండిపోతది," అన్నది మెల్లగా. "నువ్వు ఆ దిక్కు చూడకు. గోడ దిక్కు తిరిగి పండుకో. మిరుగం లోపట ఇంటికొస్తవు. విత్తనాలప్పటికి రాకుంటే పొలం బాలమల్లుకిస్తనంటుండు పటేలు."

"చూడను తియ్యి," అన్నాడు ఎంకయ్య.

రెండు రోజులు నిజంగానే చూడలేదు. మూడోనాడు మధ్యాహ్నం బకెట్టు చప్పుడు వినబడింది. ఎంకయ్యకు ఒళ్లు మండిపోయింది.

"స్వామిదాసన్నా, ఎండల గట్ల గుమ్మరిస్తరా ఎవరన్న? వేర్లు మురుగుతయి. కుండకు అడుగున తూటు పొడువు. పొద్దుగూకినంక చెంబెడు పొయ్యి, సాలు."

స్వామిదాసు బకెట్టు దించి అతన్ని వింతగా చూశాడు. "అది బతికితే నువ్వు జైలుకు పోతవు ఎంకయ్యా. ఎరుకేనా?"

"జైలుకు నేను పోత. మొక్కేం చేసింది?"

ఈ సంగతి అమీన్ సాహెబు చెవిన పడింది. సొత్తు సంరక్షణలో నిందితుడి సహకారం ఎన్నదగినదని మెచ్చుకుని, పొద్దునా సాయంత్రం ఎంకయ్యను కొట్లోంచి వదిలే ఏర్పాటు చేశాడు. ఎంకయ్య గుర్రపు లద్ది ఎరువు పెట్టాడు. కుండ ఇరుకైందని నేలలోకి మార్చాడు. కొన గిల్లితే కొమ్మలు గుబురుగా వస్తాయని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. గిల్లకుండా ఉండవలసింది, కానీ చెయ్యి ఊరుకోలేదు.

నీలమ్మ మళ్లీ వచ్చేసరికి మొక్క ఆమె భుజాలదాకా ఎదిగి ఉంది. ఆమె దాన్ని చూసి, మొగుణ్ణి చూసింది.

"ఎరువు గిట్ల ఏసినవా?"

"జర," అన్నాడు ఎంకయ్య తల వంచుకుని.

ఆమె రొట్టె అక్కడ పెట్టి వెళ్లిపోయింది. ఇంటిమీదికి ఆపద తెచ్చానని ఎంకయ్యకు తెలుసు. పొలం కళ్లముందు కదలాడింది. అయినా పొద్దుగూకగానే చెంబు అందుకున్నాడు.

రోహిణికార్తెలో మున్సిఫ్ దొరవారు చేవెళ్లకు దయచేశారు. మొక్కను తరలించవలసి వచ్చింది. మట్టి ఎంతవరకు తవ్వాలన్న ధర్మసందేహం పుట్టగా, వేరు ఎంతదాకా పోతే అంతదాకా మట్టి కూడా నిందితుడిదే అని అమీన్ సాహెబు తేల్చాడు. తవ్వే పని ఎంకయ్యకే అప్పగించారు. (ఇంకెవరు తవ్వినా వేళ్లు తెగుతాయి, తూకం తగ్గుతుంది.) బండిమీద చేవెళ్లకు చేర్చి, లెవీ ధాన్యం తూచే కాటా మీద నిలబెట్టారు. దొరవారు దయామయులు. కొమ్మ మీద వాలిన తూనీగను తోలించి మరీ తూపించారు. తొమ్మిది సేర్లు.

"చెప్పుకునేది ఏమన్నా ఉన్నదా?" అని అడిగారు.

"పట్టుకున్నప్పుడు అరసేరే ఉండె దొరా."

"మరి మిగతాది ఎక్కడిది?"

"నేనే పెంచిన."

ఇది నేరం ఒప్పుకోవడంగా రాసుకున్నారు. తొమ్మిది నెలలు. సొత్తుతో ఇక ఠాణాకు పని లేదు గనుక, మొక్కను వేలం వేసి సర్కారీ దుకాణం నడిపే అనంతయ్యకు అప్పగించారు. ఆ గడప దాటగానే మొక్క నిర్దోషి అయిపోయింది.

ఆషాఢంలో నీలమ్మ జైలుకు వచ్చింది.

"ఎద్దు లేచింది," అన్నది ఊచల అవతల నుంచి.

ఎంకయ్య ముఖం విప్పారింది. "ఏం మందేసినవు?"

"నీ చెట్టే. అనంతయ్య దుకాణంల కొన్న. ఎద్దుకంటే ఇయ్యడు గద, మా ఆయనకని చెప్పిన. నమ్మిండు."

"పొలం?"

"బాలమల్లుకిచ్చిండు పటేలు. మన ఎడ్లనే కిరాయికి తోలుకపోయి దున్నుతున్నడు."

ఎంకయ్యకు ఏడుపొచ్చింది. మింగుకున్నాడు. అంతలోనే ఒక భయం పట్టుకుంది.

"మూట ఇంటికి తీస్కపోతుంటే నాకా కాడ ఆపలేదా నిన్ను?"

"ఆపిండు. స్వామిదాసన్ననే ఉండె. దుకాణం రసీదు చూపెట్టిన," అన్నది నీలమ్మ. "మూట బరువున్నదని, నాకా దాటేదాక ఆయనే మోసిండు."