కర్త లేని ప్రశ్న

ఏలూరులో వెబ్‌కామిక్ గీసే వాళ్లందరికీ తెలిసిన సంగతే: పాఠకుల ఓటింగులో ఓడిపోయిన దారిలోని పాత్ర, ఫలితం వచ్చిన మూడో రోజు పొద్దున టిఫిన్ వేళకి బొమ్మ గీసిన వాళ్ల ఇంటికొచ్చి, ఇక అక్కడే ఉండిపోతుంది. గెలిచిన దారిలోని పాత్రకి కథలో పని ఉంటుంది, ముందుకు పోతుంది. ఓడినదానికి కథలో చోటుండదు. అలాగని గాల్లో ఉండలేదు కదా, గీసిన వాళ్లే ఉంచుకోవాలి. ఇందులో వింతేమీ లేదు. కాకపోతే అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఓనరుగారికి ఈ విషయం చెప్పుకోవాలి.

వచ్చిన పాత్రని వారంలోగా పాత్రల నమోదు కార్యాలయంలో రాయించాలి. ఫారం మూడు పేజీలు. మొదటి పేజీలో పాత్ర పేరు, గీసినవారి పేరు, పడిన ఓట్లు, వేసిన రంగులు. రెండో పేజీలో ఒకటే ప్రశ్న, పాత్రకి వీపు ఉందా లేదా అని. టైము కలిసొస్తుందని చాలామంది వీపు గీయరు. అలాంటి పాత్రలు ఎప్పుడూ గోడకి ఆనుకునే ఉంటాయి. వాటిని తిప్పి చూడకూడదని ఎక్కడా రాసి లేదు గానీ, ఒకసారి చూసినవాళ్లు రెండోసారి చూడరు. మూడో పేజీ ఖాళీ. దాని మీద కూడా సంతకం పెట్టాలి.

వట్లూరు వైపు ఒకాయన తన కామిక్‌లో తొమ్మిది వారాలు వరసగా "చంపాలా, వదిలెయ్యాలా" అని అడిగాడు. మన జనం జాలిగుండెలవాళ్లు, తొమ్మిదిసార్లూ వదిలెయ్యమన్నారు. ఇప్పుడాయన హాల్లో తొమ్మిది శవాలు వరసగా కూర్చుని టీవీ చూస్తుంటాయి. సీరియల్ అయిపోయాక ఛానెల్ మార్చమంటాయట. మర్యాదగానే అడుగుతాయి, పాపం.

నీరజ గీసే కామిక్ పేరు "ముందుకు జరగండి". అందులో ప్రభావతి అనే బస్సు కండక్టరు ఉంటుంది. ఆదివారానికి కొన్ని బొమ్మల చొప్పున ఆర్నెల్లకో భాగం పూర్తవుతుంది. ప్రతి భాగం చివరా ఆమెకి ఏదో ఒక చిక్కొస్తుంది, కింద రెండు బటన్లుంటాయి, జనం ఏది ఎక్కువ నొక్కితే తర్వాతి భాగంలో అదే జరుగుతుంది. బొమ్మలూ మాటలూ నీరజవి. బటన్లు తయారుచేసి, అన్నీ ఒకచోట పేర్చి ఆన్‌లైన్‌లో పెట్టేది ఫర్జానా. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. వాళ్ల వెనక కంపెనీ లేదు, ఎడిటరు లేడు, అడిగేవాడు లేడు. అందుకే ఇల్లు కిటకిటలాడిపోతోంది.

పవర్‌పేటలో ఆ రెండు గదుల ఇంట్లో నీరజ, ఆమె తల్లి దమయంతి, పదకొండుమంది ప్రభావతులు ఉంటారు. అందరికన్నా ముందొచ్చిన ప్రభావతికి ఒత్తులు అతకవు. మొదటి భాగం గీసిన రోజుల్లో నీరజ వాడిన సాఫ్ట్‌వేరుకి తెలుగు సరిగా రాదు, ఒత్తు పక్కకి జారిపోయేది. అందుకని ఆ ప్రభావతి "అమ్ మగారూ, నేను వచ్ చాను" అని మధ్యలో ఆగి ఆగి మాట్లాడుతుంది. డ్రైవర్ని కొట్టబోయిన ప్రభావతి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచుకుంటుంది. చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని పెళ్లి చేసుకోవాల్సిన ప్రభావతికి తల్లో పూలు సగమే రంగేసి ఉన్నాయి. వీళ్లెవరూ తినరు, నిద్రపోరు. గోడ పొడుగునా నిలబడి, ఎదురుగా ఎవరు నడిచినా కళ్లు మాత్రం తిప్పుతారు. దమయంతి వాళ్ల మధ్యనుంచే వంటింట్లోకి వెళ్లొస్తుంటుంది. కొత్తలో భయపడేది. ఇప్పుడు వాళ్ల ఎత్తిన చేతులకి తడి తువ్వాళ్లు ఆరేస్తోంది.

ఆరేళ్లు గీశాక నీరజ అలసిపోయింది. మణికట్టుకి పట్టీ లేకుండా పెన్ను పట్టుకోలేకపోతోంది. కానీ అసలు నొప్పి అక్కడ లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి "తర్వాత ఏంటి, తర్వాత ఏంటి" అని అడిగే వేలమందికి జవాబు చెప్పీ చెప్పీ ఆమెకి విసుగు పుట్టింది. నూజివీడులో ఒక స్కూల్లో డ్రాయింగు టీచరు కావాలని ప్రకటన చూసి, ఎవరికీ చెప్పకుండా ఒక మంగళవారం వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చొచ్చింది. ఇంట్లో ఫర్జానాతో పనుందని చెప్పింది, ఫర్జానాతో ఇంట్లో పనుందని చెప్పింది. రెండు కొండల మధ్య సూర్యుణ్ని గీసే పిల్లల దగ్గర కూర్చోవాలని, ఆ సూర్యుడు ఉదయిస్తున్నాడా అస్తమిస్తున్నాడా అని ఎవరి చేతా ఓటు వేయించకుండా బతకాలని ఆమె గట్టిగా కోరుకుంది. జీవితంలో ఏదన్నా అంత గట్టిగా కోరుకుని చాలా ఏళ్లయింది.

పన్నెండో భాగంలో ప్రభావతికి వేరే డిపోకి బదిలీ అవుతుంది. చివర ఆమె బస్టాండులో సంచి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ వారం చెయ్యి నొప్పి వల్ల ఆలస్యమైంది కాబట్టి, చివరి బొమ్మ కింద నీరజ ఒక ముక్క రాసింది: "ఒంట్లో బాగాలేక ఆలస్యమైంది, క్షమించండి. మీ నీరజ." దాని కింద ఫర్జానా బటన్లు పెట్టింది. ఒకదాని మీద "వెళ్లిపోవాలి", రెండో దాని మీద "ఉండిపోవాలి". ఎవరు వెళ్లిపోవాలి, ఎవరు ఉండిపోవాలి అన్నది రాయలేదు. తెలుగులో ఎవరు రాస్తారు? అన్నం వేళకి ఇంటికొచ్చిన మనిషిని "తిన్నావా" అంటాం గానీ, "నువ్వు తిన్నావా" అని పట్టిపట్టి అడుగుతామా?

ఉండిపోవాలని ఆరువేల రెండువందల ఎనిమిదిమంది నొక్కారు. వెళ్లిపోవాలని మూడువందల తొంభై ఒక్కమంది. ఎప్పుడూ ఇంతమంది నొక్కలేదని ఫర్జానా సంబరపడింది. కింద కామెంట్లలో "ప్లీజ్ ఉండిపోండి", "మీరు లేకపోతే మా ఆదివారాలు ఏం కాను" అని రాశారు. ప్రభావతికి ఇంతమంది అభిమానులున్నారా అని నీరజ కూడా ఆశ్చర్యపోయింది.

మూడో రోజు పొద్దున దమయంతి పెసరట్లు వేస్తుండగా కాలింగ్ బెల్ మోగింది. పన్నెండో ప్రభావతి అయ్యుంటుందని నీరజ గోడ దగ్గర చోటు చేయించి, వెళ్లి తలుపు తీసింది. గుమ్మంలో నీరజ నిలబడి ఉంది. అదే చుడీదారు, చెవి వెనక అదే పెన్ను. మణికట్టుకి పట్టీ మాత్రం లేదు.

"లేటయిపోయిందా? పదమూడో భాగానికి స్కెచ్చులు వేసేస్తాను," అంటూ ఆమె లోపలికొచ్చి, చెప్పులు వాటి చోట విడిచి, నేరుగా బల్ల దగ్గరికెళ్లి కూర్చుంది.

దమయంతి గరిటె పట్టుకుని బయటికొచ్చి ఇద్దర్నీ చూసింది. అట్టు మాడుతున్న వాసన వచ్చేదాకా చూసింది. "ఉండండి, ఇంకోటి వేస్తాను," అని లోపలికెళ్లింది.

కబురందుకుని ఫర్జానా పరుగున వచ్చింది. కామిక్ తెరిచి కింది దాకా జరిపి, బటన్ల దగ్గర ఆగి, తల పట్టుకుంది. "ఎవరో రాయలేదే మనం," అంది.

ఆ మధ్యాహ్నమే నలుగురూ నమోదు కార్యాలయానికి వెళ్లారు. గుమస్తా సూర్యచంద్రరావు నెమ్మదస్తుడు, పాత్రల్ని కూడా అండీ అనే పిలుస్తాడు. అంతా విని, కళ్లజోడు పైకి తోసుకుని కామిక్ చూశాడు.

"ప్రశ్నలో కర్త లేదండి," అన్నాడు.

"ప్రభావతి అండి. చదివేవాళ్లకి తెలుస్తుంది కదండీ," అంది నీరజ.

"తెలుస్తుందని మీ మనసులో ఉందండి. బటన్ మీద లేదు. కర్త లేనప్పుడు బటన్లకి పైన దగ్గర్లో ఏ పేరుంటే ఆ పేరే కర్తండి. ఇదుగో, మీ నీరజ అనుంది." ఆయన ఆ మాట వేలితో చూపించాడు. వ్యాకరణం చెప్పే మాస్టారికున్నంత ఓపిక ఉంది ఆయన దగ్గర.

నీరజ ఊపిరి పీల్చుకుంది. "సరేనండి. మూడో రోజు వచ్చింది ఈవిడ. కాబట్టి ఓడినావిడ ఈవిడే. రాసుకోండి, ఉంచుకుంటాం."

సూర్యచంద్రరావు రాయలేదు. "ఓడిన మాటేంటండి? వెళ్లిపోవాలన్నది. మరి మీ ఇద్దర్లో వెళ్లిపోవాలని ఎవరికుందండి?"

"నాకైతే లేదండి," అంది వచ్చిన నీరజ. "పదమూడో భాగంలో మొదటి వారానిది సగం అయ్యింది. నన్ను తొందరగా పంపిస్తే రంగులేసుకుంటాను."

అందరూ మొదటి నీరజ వైపు తిరిగారు. "చెప్పవే, నీక్కూడా లేదని," అంది ఫర్జానా. ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. సూర్యచంద్రరావు కూడా కలం పట్టుకుని, ఆడితే రాసుకుందామన్నట్టే కూర్చున్నాడు. నీరజ నోరు తెరిచింది. ఆమెకి నూజివీడు స్కూల్లో పొడుగాటి వరండా, గోడ మీద పిల్లలు అతికించిన కాగితాలు కనిపించాయి. అవి లేవని అనడానికి మనసొప్పలేదు.

"నాకు చెప్పలేదేంటే," అంది ఫర్జానా.

"చెబ్దామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

సూర్యచంద్రరావు ఫారం తీశాడు. "ఓడిన మనిషి ఇంట్లోనే ఉన్నారు కాబట్టి గెలిచిన మనిషి రావాల్సొచ్చిందండి. ఆయ్, అరుదే. కానీ ఉందండి, రూల్సులో ఉంది. కన్నవాళ్లెవరైనా ఒప్పుకుని సంతకం పెడితే అయిపోద్ది. ఎవరు మీ అమ్మాయో చెప్పండమ్మా."

దమయంతి ఇద్దర్నీ చూసింది. వచ్చినావిడ నవ్వుతోంది. ఉన్నావిడ ఏడవకుండా ఉండడానికి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇద్దరి ఎడమ కనుబొమ మీదా, చిన్నప్పుడు మంచం కోడు తగిలిన మచ్చ ఉంది.

"ఉండేదాన్నే నా కూతురని రాయండి బాబూ. వెళ్లేదానికి నేనెలాగూ అమ్మనే కదా," అంది దమయంతి. సంతకం పెట్టాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏ నీరజ కోసమో ఆమెకే తెలియదు.

రెండో పేజీ దగ్గర సూర్యచంద్రరావు నీరజని ఒకసారి వెనక్కి తిరగమన్నాడు. ఆమె తిరిగింది. ఆయన ఏదో రాశాడు, ఏం రాశాడో పైకి చదవలేదు. ఫర్జానా గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది. మూడో పేజీ మీద నీరజ తనే సంతకం పెట్టింది.

ఆ తర్వాత కామిక్ ఒక్క వారం కూడా ఆలస్యం కాలేదు. రంగులు ఇంకా బాగుంటున్నాయని జనం రాశారు. నొప్పి తగ్గిందా అని ఎవరో అడిగితే, "పూర్తిగా తగ్గిపోయింది, మీ అభిమానమే మందు" అని బల్ల దగ్గరి నీరజ జవాబిచ్చింది. ఫర్జానా రోజూ వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది. మొదట్లో గోడ దగ్గర నిలబడ్డ నీరజని చూసి తలూపేది. తర్వాత బ్యాగు అటు పక్క పెట్టుకోవడం మొదలుపెట్టింది. దమయంతి నాలుగు రోజులు రెండు కంచాలు పెట్టింది. ఒక కంచం ఎలా పెట్టిందో అలాగే ఉండిపోవడం చూసి, అయిదో రోజు నుంచి మానేసింది. నీరజకి నిజంగానే ఆకలి వేయడం లేదు. మణికట్టు నొప్పి కూడా పోయింది. అది పోయినందుకు దిగులేసింది ఆమెకి. ఆ నొప్పి ఒక్కటే తనదని చెప్పుకోవడానికి మిగిలి ఉండేది.

నెలాఖర్లో నూజివీడు నుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం నాలుగులోగా వచ్చి చేరాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. బల్ల దగ్గరి నీరజ కవరు చించకుండా తెచ్చి ఇచ్చింది. "నీదే," అంది. ఆమెలో ఈర్ష్య లేదు, కపటం లేదు. నిజానికి చాలా మంచిది.

ఓడినవాళ్లు బయటికి వెళ్లకూడదని ఏ రూల్సులోనూ లేదు. నీరజ ఫోన్ చేసి కనుక్కుంటే సూర్యచంద్రరావు కూడా అదే చెప్పాడు. "ఇప్పటిదాకా ఎవరూ వెళ్లలేదండి, అంతే," అన్నాడు.

శుక్రవారం పొద్దున నీరజ తలస్నానం చేసి, ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, సంచిలో రెండు జతల బట్టలు, ఒక డబ్బా రంగు పెన్సిళ్లు పెట్టుకుంది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఎదురుగా ఆటో ఆగి ఉంది, డ్రైవరు పేపరు చదువుకుంటున్నాడు. ఎండ బాగా కాస్తోంది. నీరజ చెప్పులేసుకుని గుమ్మం మీద నిలబడింది. వెనక గోడ పొడుగునా పదకొండుమంది చూస్తున్నారు. ఎవరూ పట్టుకోలేదు. పదయింది. పదకొండున్నర అయింది. డ్రైవరు పేపరు మడిచి, "వస్తారా అండీ?" అని ఒకసారి అడిగి, రెండు నిమిషాలు చూసి వెళ్లిపోయాడు.

"అమ్మా, వెళ్లనా?" అంది నీరజ.

దమయంతి బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తి కూతురి వంక చాలా ప్రేమగా చూసింది. "నన్నడుగుతావేంటే పిచ్చిదానా. నాకు ఫోన్‌లో నొక్కడం అవీ రావు కదా," అంది.

బల్ల దగ్గరి నీరజ పెన్ను పక్కన పెట్టి ఇటు తిరిగింది. గుమ్మం మీద అలా నిలబడ్డ మనిషిని చూస్తే ఆమెకి జాలేసినట్టుంది.

"రేపు శనివారం కదా, ఓటింగుకి పెడతాలే," అంది. "రెండు రోజుల్లో తెలిసిపోద్ది."

"అలాగే పెట్టు," అంది నీరజ. చెప్పులు విప్పి లోపలికొచ్చి, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుంది. ఇన్నాళ్లకి ఆమె మనసు తేలికపడింది.