తాళం వేసిన కారణం

ఆ సోమవారానికి హెడ్ కానిస్టేబుల్ ఫ్లోరెన్స్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకల్లా ఒక ఫారం నింపి పంపేయాలి. పన్నెండు గంటల బస్సుకు పలాస వెళ్లాలి. ఎడమ కాడ విరిగిపోయి, పదిహేను రోజులుగా నల్లదారంతో చెవికి కట్టుకుంటున్న కళ్లజోడును బాగుచేయించుకోవాలి. జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే భర్త డేనియల్ ఇల్లు చేరేలోగా తిరిగి రావాలి. అంతే.

ఆ ఫారాన్ని ఎస్సై తారకేశ్వరరావు ఆమె బల్ల మీద పెట్టి, అప్పటికే సగం గుమ్మం దాటేశాడు.

“ఇరవై రెండు ప్రశ్నలు, ఫ్లోరెన్స్ గారూ. అన్నిటికీ ‘లేదు’ అని పెట్టీండి. ఐదింటికల్లా పై ఆఫీసుకి చేరిపోవాలి.”

“ప్రశ్నలు చదివారా సార్?”

“ఇరవై రెండు సార్లు ‘లేదు’ అనడానికి చదవడం ఎందుకమ్మా?” అని ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు.

కొత్తగంగపేట ఔట్‌పోస్టులో మూడు నెలలుగా ‘తాళం నేస్తం’ అనే పథకం నడుస్తోంది. ఊరు వెళ్లేవాళ్లు ఏ రోజుల్లో ఇంటికి తాళం వేస్తారో పోలీసులకు చెబితే, ఆ రోజుల్లో పోలీసులు ఆ వీధిలో ఓ చుట్టు ఎక్కువ తిరుగుతారు. దీన్ని తీరంలోని మిగతా ఊళ్లకు కూడా పాకించే ముందు, జనం దగ్గర తీసుకున్న వివరాల వల్ల ఎవరికైనా ప్రమాదం ఉందేమో అంచనా వేసి చెప్పమని పై ఆఫీసు అడిగింది. ఫారం అదే.

ఫ్లోరెన్స్ సబ్బు కొంటే కాగితం వెనక ఉన్న సన్నక్షరాలు కూడా చదివాకే స్నానానికి వెళ్లే మనిషి. ఫారాన్ని మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టింది. ‘అవసరానికి మించిన వివరాలు ఏవైనా సేకరించారా?’ జవాబు రాయాలంటే వివరాలు చూడాలి. కంప్యూటర్లో పట్టిక తెరిచింది. మూడు వందల పన్నెండు ఇళ్లు. చివరి గడి పేరు ‘కారణం’.

కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానంలో ఇరవై ఏళ్లుగా ఎవరో ఒకరు కాగితాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. రక్తం తీసుకుంటారు, ఏ బావి నీళ్లు తాగుతారో అడుగుతారు, కాళ్ల వాపు ఎప్పటి నుంచో రాసుకుంటారు. కాబట్టి కాగితం పట్టుకున్న మనిషి అడిగితే ఇక్కడి జనం ఏదీ దాచరు. కానిస్టేబుల్ ధనుంజయ గుమ్మంలో నిలబడి ‘తాళం ఎందుకు?’ అని అడిగితే, డాక్టరుకు చెప్పినట్టే చెప్పారు. ధనుంజయ చెప్పింది చెప్పినట్టు ఎక్కించాడు.

‘పక్క వాటాలో ఉన్న అత్త నోరు పడలేక పుట్టిల్లు. కోపం తగ్గితే గురువారం వస్తాను.’

‘రావివలస ఎండల మల్లన్న గుడికని ఊళ్లో చెప్పాను. వెళ్లేది టెక్కలి, సినిమాకి.’

‘పన్ను పీకించుకోవాలి. భయంగా ఉంది.’

ఎనభై ఏడో వరస దగ్గర ఫ్లోరెన్స్ ఆగిపోయింది.

‘పైడయ్య, కాసులమ్మ. రెండు వారాలకో మంగళవారం తాళం. కారణం: పైడయ్యకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ మూడు దాటింది, పలాస ఆసుపత్రి. బైరాగికి తెలిస్తే బోటు ఎక్కనివ్వడు. ఎవరికీ చెప్పొద్దు.’

‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాటను కూడా ధనుంజయ పొల్లు పోకుండా ఎక్కించాడు.

ఆ మాట ఉత్తిది కాదని ఫ్లోరెన్స్‌కు తెలుసు. బోటు నడిపేది బైరాగి. సముద్రం మీద ఒక్కసారి కళ్లు తిరిగాయని నిరుడు సన్యాసయ్యను దింపేశాడు. అప్పటి నుంచి ముసలాయన ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు కుట్టుకుంటున్నాడు. పైడయ్యకు వలలు కుట్టడం కూడా రాదు.

ఆమె తొమ్మిదో ప్రశ్నకు వెళ్లింది. ‘ఈ వివరాలను ఎవరెవరు చూడగలరు?’

“ధనుంజయా, ఈ లిస్టు ఎవరెవరం సూత్తాం?”

“మనమే మేడమ్. ఎస్సై గారు, మీరు, నేను.”

“ఇంకెవరూ నేరు కదా?”

“లింకున్నోళ్లు.”

“లింకు ఎవరి కాడుంది?”

ధనుంజయ ఛాతీ కొంచెం పెరిగింది. “పొద్దున్న ఆరింటికి ఊరి గ్రూపులో పెట్టీసేను మేడమ్. ఎవరి తాళం ఆళ్లే మార్సుకుంటారు. మనకి తిరుగుడు తప్పుద్ది.”

ఊరి గ్రూపులో రెండు వందల ముప్పై మంది ఉన్నారు. ఫ్లోరెన్స్ చెవి దగ్గర దారం తెగి కళ్లజోడు ఒళ్లో పడింది.

“ఎవరైనా తెరిసేరా?”

“తెరవరు మేడమ్,” అన్నాడు ధనుంజయ, ఈసారి దిగులుగా. “నాను పెట్టినవి ఎవరూ తెరవరు.”

“దేవుడికి స్తోత్రం. ముందు లిస్టుకి తాళం వెయ్యి. తరవాత లింకు తీసీ. బేగి!”

రెండు నిమిషాల్లో రెండూ అయిపోయాయి. గొడవ అక్కడితో ముగియాలి. కానీ గ్రూపులో లింకు ఉన్న చోట ఇప్పుడు ‘సందేశం తీసేశారు’ అన్న ముక్క మిగిలింది. మూడు గంటలు కళ్ల ముందున్నా లింకును చూడని ఊరు, అది లేకపోవడాన్ని ఒక్క నిమిషంలో చూసి, గ్రూపులోనే అడగడం మొదలుపెట్టింది.

“ఏటి ధనుంజయా, ఏటి తీసీసేవు?”

“పోలీసోళ్లు తీసీసేరంటే ఏదో ఉంది మావా.”

జనాన్ని శాంతింపజేయాలని ధనుంజయ, ఫ్లోరెన్స్‌ను అడక్కుండానే, మరో సందేశం పెట్టాడు. ‘పేర్ల లిస్టు పొరపాటున పెట్టాను. ఎవరూ కంగారు పడొద్దు. లిస్టు స్టేషన్లో భద్రంగా ఉంది.’

పేర్ల లిస్టు! ఉద్దానంలో ఆ మాటకు ఒకటే అర్థం. కిడ్నీలకు కొత్త లిస్టు వచ్చింది, పేరున్న వాళ్లకు మందులు ఇంటికే వస్తాయి, పోలీసులు తమ వాళ్ల పేర్లు ఎక్కించుకుని దాచేశారు. పదిన్నరకు కథ ఈ రూపానికి వచ్చింది. పదకొండుకు ఔట్‌పోస్టు ముందు నలభై మంది ఉన్నారు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లలో ఆసుపత్రి ఫైళ్లు. రక్తం తీస్తారేమోనని సగం మంది టిఫిన్ కూడా మానేసి వచ్చారు. అందరికంటే ముందు నిలబడి “నా పేరు రాసుకోండి, నా పేరు!” అని అరుస్తున్నది బైరాగే.

సన్యాసయ్యకు ఇలాంటి పరీక్షల అనుభవం ఎక్కువ. అడిగించుకోకుండా ఒక చిన్న సీసాను తెచ్చి, ఎస్సై బల్ల మీద పెట్టి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే తిరిగొచ్చిన తారకేశ్వరరావు సీసాను ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు.

“ఇది ఏ సారా కేసుది? సీలెయ్యలేదేం? చీటీ ఏదీ?”

“నాదే బాబూ,” అన్నాడు సన్యాసయ్య.

“ఒప్పుకుంటున్నావా? ఎక్కడ తయారుచేశావు?”

సన్యాసయ్య కాస్త ఆలోచించాడు. “ఇంటి కాడే బాబూ. పొద్దుటిది.”

ధనుంజయ వచ్చి ఎస్సై చెవిలో ఏదో చెప్పాడు. ఎస్సై సీసాను మెల్లగా దించి, పెరట్లోకి వెళ్లి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే కాసులమ్మ చేపల గంప దారిలోనే ఎవరికో అప్పజెప్పి, పరుగెత్తుకుంటూ వచ్చింది.

“పోలీసమ్మా! మా ఇంటి పేరు తీసీండి! ఇప్పుడే తీసీండి!”

నలభై మందీ ఆమె వైపు తిరిగారు. పేరు ఎక్కించమన్న వాళ్లే తప్ప తీసేయమన్న మనిషి అంతవరకూ లేదు.

“ఇదేటి కాసులమ్మా?” అన్నాడు బైరాగి. “అందరూ ఎక్కించమంటంటే నువ్వు తీసీమంటావు? ఏటుందే అందులో? పైడయ్య బావకేటైనా...”

కాసులమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫ్లోరెన్స్ అది చూసింది. ఆ ఒక్క వరసా ఇప్పుడు చెరిపేస్తే చాలు, ఊరంతటికీ అర్థమైపోతుంది. రాసినదాని కంటే చెరిపిందే ఎక్కువ చెబుతుంది. ఆ ముక్క ఫారంలోని ఇరవై రెండు ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

తారకేశ్వరరావు ఆమెను పక్కకు పిలిచాడు. “పన్నెండవుతోంది. ‘లేదు’లు పెట్టి పంపీండమ్మా. వీళ్లని నేను తోలేస్తాను.”

“పంపను సార్.”

“ఏటీ?”

“లిస్టులో మొదటి వరస సదవమంటారా?”

జనానికి ఎలా నింపాలో తెలియాలని ధనుంజయ మొదటి వరసను నమూనాగా తనే నింపాడు. ఫ్లోరెన్స్ కళ్లజోడును చేత్తో పట్టుకుని మెల్లగా చదివింది. “ఎస్సై గారి క్వార్టర్సు. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుట దాకా తాళం. కారణం: పర్మిషన్ లేకుండా టెక్కలి.”

ఎస్సై కాసేపు ఫ్యాను వైపు చూశాడు.

“గ్రూపులో ఎంతమంది ఉన్నారమ్మా?”

“రెండొందల ముప్పై సార్. అందులో సీఐ గారొకరు.”

“ప్రమాదం ఉన్నట్టే ఉంది,” అన్నాడు తారకేశ్వరరావు.

ఫ్లోరెన్స్ వసారాలోకి వచ్చి మెట్టు మీద నిలబడింది.

“అందరూ ఇనండి. ఇది జబ్బుల లిస్టు కాదు, మందుల లిస్టూ కాదు. మీ ఇళ్ల తాళాల లిస్టు. తాళం ఏ రోజో తెలిస్తే మాకు సాలు. ఎందుకో అడగడం మా తప్పు, రాసుకోడం ఇంకా తప్పు. ఒక్కొక్కరే లోపలికి రండి. తలుపేసీసి, మీ కారణం మీ కళ్ల ముందే తీసీత్తాను. అందరిదీని. ఒక్కరిదీ ఒగ్గను. రాని వాళ్లవి సాయంత్రం నానే తీసీత్తాను. లోపల ఏటన్నారో బయట ఎవరూ ఎవర్నీ అడగద్దు.”

“మరి రగతం?” అన్నారు వెనక నుంచి.

“తియ్యం.”

“ఓలమ్మ, పొద్దున్నుంచి ఉపాసముంటిమి కదే!”

ధనుంజయను ఇడ్లీల కోసం పంపారు.

పన్నెండు గంటల బస్సు వెళ్లింది. రెండు గంటల బస్సూ వెళ్లింది. ఫ్లోరెన్స్ కుర్చీ లోంచి లేవలేదు. లోపలికి వచ్చిన ప్రతివాళ్లకూ వాళ్ల వరస చూపించి, చెరిపి, చూశారా అని అడిగి పంపింది. అత్త మీద కోపం ఉన్న కోడలు, తన కారణం పోయాక, మరోసారి మొత్తం చెప్పి తేలికపడి వెళ్లింది. సన్యాసయ్య వంతు వచ్చినప్పుడు ఆయన చెరపడానికి ఒప్పుకోలేదు. “ఉండనీ తల్లీ. నా గురించి ఎవరైనా ఒక ముక్క రాసుకుంటే మంచిదే కదా,” అన్నాడు. ఆ ఒక్క కారణం చెరపడానికి పావుగంట పట్టింది.

బైరాగి లోపలికి వచ్చి, తలుపు తనే వేసి, గడియ కూడా పెట్టాడు. వసారాలో ఊరంతా వినేలా అరిచిన గొంతు ఇప్పుడు బల్ల దాటి రావడం లేదు.

“నా వరస సూడమ్మా.”

ఆమె చూసింది. పొద్దున్న ఎనభై ఏడో వరస దగ్గరే ఆగిపోయింది కాబట్టి నూట నలభైని చదవలేదు. ‘బైరాగి. రెండు వారాలకో మంగళవారం తాళం. కారణం: క్రియాటినిన్. బోటు వాళ్లకు తెలియనీయొద్దు, ముఖ్యంగా పైడయ్యకు.’

“నిరుడు సన్నేసయ్యని దింపినోణ్ని నానే,” అన్నాడు బైరాగి నేల చూస్తూ. “ఇప్పుడు నాకే ఉందని తెలిస్తే నన్ను దింపరా? మందులేసుకుంటే సేపల ఏటకి ఎల్లచ్చన్నాడు డాక్టరు. పైడయ్య బావ ఆ మాట ఇంటే కదా! ఆడసలే నిక్కచ్చి మడిసి.”

ఫ్లోరెన్స్ నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే చాలు, ఇద్దరి గుండెల మీది బరువూ దిగిపోతుంది. కానీ ఆ మాట పైడయ్యది, ఆమెది కాదు. నోరు మూసుకుని, నూట నలభైని చెరిపింది.

“అందుకేనా పొద్దున్న అంత అరుపు?”

“అరవకపోతే అనుమానం రాదేటమ్మా?”

ఆ తర్వాత కాసులమ్మ వచ్చింది. ఎనభై ఏడు ఖాళీ అవడం చూసి కూడా కదల్లేదు. “ఆ బైరాగికి అనుమానం వచ్చీసింది పోలీసమ్మా. ఆడేటి సేత్తాడో?”

“నానేటీ సెప్పలేను కాసులమ్మా,” అంది ఫ్లోరెన్స్. ఇరవై ఏళ్ల నౌకరీలో అంత కష్టపడి ఆమె ఏ మాటా అనలేదు. “ఆసుపత్రికి మాత్రం మానొద్దని సెప్పు మీ ఆయనకి.”

నాలుగున్నరకు చివరి మనిషి వెళ్లాక, రాని వాళ్ల కారణాలన్నీ తీసేసి, ఆ గడినే పట్టిక నుంచి ఎత్తేసింది. అప్పుడు ఫారం ముందేసుకుంది. ప్రమాదం ఉందా అన్న చోటల్లా ‘ఉంది’ అని రాసింది. ఆఖరి ప్రశ్న, ‘వివరాలు ఇచ్చిన వారితో మాట్లాడారా?’ అన్నదానికి, ‘నలభై ముగ్గురితో, తలుపు వేసి’ అని రాసింది. తారకేశ్వరరావు చదవకుండానే సంతకం చేయబోయి, ఆగి, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి చేశాడు. ఐదుకు రెండు నిమిషాలుండగా ఫారం వెళ్లింది.

మర్నాడు ఎనిమిది గంటల బస్సులో ఫ్లోరెన్స్ పలాస బయల్దేరింది. ఎప్పుడూ వేరే వేరే బస్సుల్లో వెళ్లే ఇద్దరూ ఈసారి అదే బస్సెక్కారు, ముందు సీట్లో బైరాగి, వెనక సీట్లో పైడయ్య. ఇద్దరి చంకల్లోనూ తువ్వాలు చుట్టిన ప్లాస్టిక్ కవర్లు.

“ఎక్కడికి బావా?” అన్నాడు పైడయ్య.

“వల దారం కొందామని. నువ్వో?”

“నానూ దారానికే.”

ఆసుపత్రి దగ్గర బస్సు ఆగింది. ఇద్దరూ లేచారు. ఒకరినొకరు చూసుకున్నారు. దారం కొట్టు ఇంకా రెండు స్టాపుల అవతల ఉంది.

“నీది ఎంత బావా?” అన్నాడు బైరాగి.

“మూడు దాటింది. నీది?”

“నాకూ అంతే. దిగు, ఓపీ చీటీ బేగి రాయించుకుందాం.”

ఫ్లోరెన్స్ ఏమీ చూడలేదు. కళ్లజోడు ఆమె సంచిలో ఉంది. బుధవారం తెల్లవారుజామున బోటులో ఎప్పటిలా ఐదుగురూ వెళ్లారనీ, వల లాగుతూ అందరూ తమ తమ అంకెలు చెప్పుకున్నారనీ, ఆ పై వారం నుంచి సన్యాసయ్య కూడా వెళుతున్నాడనీ ఆమెకు కాసులమ్మే చెప్పింది, అడక్కుండానే.

పది రోజులకు పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. అంచనా చాలా బాగుందట. మిగతా ఊళ్లలో ‘కారణం’ గడి ఉండదట. అయితే వివరాలు తొలగించినట్టు రుజువుగా, తొలగించిన కారణాలన్నిటినీ ఇంటి యజమానుల పేర్లతో సహా పట్టికగా వెంటనే పంపాలట.

“ఏం రాస్తారమ్మా?” అన్నాడు తారకేశ్వరరావు.

ఫ్లోరెన్స్ బాగుచేయించుకున్న కళ్లజోడు పెట్టుకుని, ఆయన ఇరవై రెండు సార్లు రాయమన్న మాటను ఒకే ఒక్కసారి రాసింది. ‘లేదు.’