వేళ మించింది, కమ్మీ బిగించేశాం!

పని పూర్తి కావాలంటే పని చెయ్యాలట! ఇంత మోటు నమ్మకం ఇంకా కొన్ని దేశాల్లో ఉందని వింటే నాకు జాలేస్తుంది. మా ఇంగ్లండులో ఆ పీడ ఎప్పుడో వదిలింది.

ఏళ్ల తరబడి మూలుగుతున్న పనిని మేం అయిపోయినట్టే మాట్లాడతాం. గోడ పెచ్చులూడుతుందనుకోండి. "వేళ మించింది, ఆ గోడకు రంగు వేసేశాం" అంటాం. మా ఇంగ్లీషు భాషే అంత, ఇంకా చెయ్యాల్సిన పనిని కూడా చేసేసినట్టే చెప్పాలి. అలా అనగానే మనసు దూదిపింజైపోతుంది. ఇక గోడవైపు చూడాల్సిన అవసరమేముంది చెప్పండి?

మా ఆవిడ జాయిస్ మూడు వారాలుగా నాతో, "వేళ మించింది, నువ్వు జుట్టు కత్తిరించుకున్నావు" అంటోంది. అద్దంలో చూసుకుంటే నాకూ కాస్త పొట్టిగానే కనిపిస్తోంది!

ఇంటికొచ్చే అతిథులతో ఇది మరీ వరం. మా ఊరి హాలు కమిటీ చైర్మన్ క్లైవ్ బూత్‌రాయిడ్ ప్రతి ఆదివారం మా ఇంట్లో టీ తాగి, మోకాళ్లమీద రెండు చేతులా చరుచుకుని, "సరే! వేళ మించింది, నేను వెళ్లిపోయాను" అంటాడు. తర్వాత పది నిమిషాలు కూర్చుంటాడు. కోటు తొడుక్కుని నడవాలో పావుగంట కాలవల గురించి, గేటు దగ్గర ఇంకో పావుగంట బావమరిది మోకాలి ఆపరేషన్ గురించి చెబుతాడు. అతిథి వెళ్లాడన్న సుఖం, ఉన్నాడన్న సందడి రెండూ ఒకేసారి ఏ దేశంలో దొరుకుతాయండీ?

ఇప్పుడు హిల్డా క్రాబ్‌ట్రీ సంగతి. ఆవిడకు ఎనభై ఒకటి. చిన్నప్పుడు బళ్లో నాకు భోజనం వడ్డించిన చెయ్యి. గురువారం గురువారం మా ఊరి హాల్లో జరిగే టీకి అల్లం కేకు చేసుకొచ్చేది. హాలుకు పద్నాలుగు రాతి మెట్లు. మా యార్క్‌షైర్ వాన సంగతి తెలిసిందే, మెట్లమీద పాచి ఎప్పుడూ పచ్చగా ఉంటుంది.

నాలుగేళ్ల కిందట ఆవిడ కమిటీ ముందే నన్ను నిలదీసింది. "ఒరే మాల్కమ్, ఆ మెట్ల పక్కన పట్టుకోడానికి ఒక్క ఇనప కమ్మీ అయినా లేదేమిట్రా? మొన్న కాలు జారి గోడను వాటేసుకున్నాను. మా ఆయన్ని కూడా ఏనాడూ అంత గట్టిగా పట్టుకోలేదు!"

"నిజమే హిల్డా! వేళ మించింది, కమ్మీ బిగించేశాం" అన్నాడు క్లైవ్. అందరూ తలలూపారు. సెక్రటరీని కాబట్టి నేను పుస్తకంలో రాసుకున్నాను. బిస్కెట్లు వచ్చాయి. మరుసటి ఏడాదీ అదే మాట, అదే ఏకగ్రీవం. నాలుగేళ్లలో ఒక్కరైనా వ్యతిరేకించారా? ఇంతటి ఐకమత్యం పార్లమెంటులో చూపించండి!

అక్టోబరు నుంచి హిల్డా రావడం మానేసింది. కమిటీ ఊరుకుంటుందా? "వేళ మించింది, మనలో ఎవరో ఒకరు వెళ్లి ఆవిణ్ణి చూసొచ్చారు" అన్నాడు క్లైవ్ బరువైన గొంతుతో. మా కోశాధికారి ఎంత కదిలిపోయాడంటే, "ఎలా ఉందట పాపం?" అని అడిగాడు కూడా.

మంగళవారం ఆవిడే ఫోన్ చేసింది. కమ్మీ ఊసు ఎత్తలేదు. "కేకు చెయ్యడం మానలేకపోతున్నానురా. ఒక్కదాన్నే ఎంతని తినను? పిచ్చుకలకు వేశా. అవి కూడా ముక్కు తిప్పుకున్నాయి, వెధవ పిట్టలు!" అని నవ్వింది. ఆ మీదట గురువారాలు ఎవరెవరు వస్తున్నారో, నా పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో ఒక్కొక్కరి పేరే అడిగింది.

"సరే, వేళ మించింది, నిన్ను వదిలేశాను. నీకు పనులుంటాయి" అంది. కానీ ఫోన్ పెట్టెయ్యలేదు. మరో ముప్పావుగంట మాట్లాడుతూనే ఉంది. నాకు పనులేమీ లేవని చెప్పడానికి సిగ్గేసింది.

ఇక్కడ ఒక చిన్న విషయం మనవి చెయ్యాలి. కమిటీ ఆ కమ్మీ ఎప్పుడో తెప్పించింది. రెండేళ్లుగా అది మా షెడ్డులోనే, గడ్డి కోసే మిషన్ వెనక ఉంది. బిగించే బాధ్యత సెక్రటరీదని పుస్తకంలో రాసి ఉంది. నా చేతిరాతే.

ఎనిమిది బోల్టులు. కొలిచి చూసుకున్నాను, మహా అయితే రెండు గంటల పని. మా భాష గొప్పతనం గురించి మీకీ నాలుగు ముక్కలు రాయడానికి నాకు మూడు గంటలు పట్టింది.