పరాంకుశానికి ముప్పై ఎనిమిది మొహాల నివాళి

గురువారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు హాస్యనటుడు పరాంకుశం హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన వయసు డెబ్బై ఎనిమిది. ఆరు నలభైకి ఆ వార్త హనుమకొండ చేరింది. ఆరు నలభై ఐదుకు హనుమకొండలో పరాంకుశం అభిమాన సంఘం ఏర్పడింది.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు ఊరికి పట్టిన పీడ అనేవాళ్లున్నారు. సిగ్నల్ కనిపించదంటారు, షాపు బోర్డు కనిపించదంటారు. పోయినవారికంటే సంతాపం తెలిపేవాళ్లే పెద్దగా ఉంటారంటారు. ఇది తెలియక అనే మాట. పోయినవారు ఒక్కరు. ఉన్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది. ఫ్లెక్సీ ఇరవై అడుగులు. ఎవరికి ఎంత చోటు రావాలి? మీరే చెప్పండి!

సుబేదారిలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే యమునకు ఈ సంగతి బాగా తెలుసు. ఆమె కంప్యూటర్‌లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఎప్పుడూ తయారుగా ఉంటుంది. పై వరసలో నాయకులు, కింది వరసల్లో మిగతావాళ్లు, నడుమ చేతులు జోడించిన అధ్యక్షుడు మల్లికార్జున్. సంఘం పేరు మారుతుంది, అధ్యక్షుడు మారడు. ఎడమ మూలన దండ వేసిన ఓవల్ ఒకటి ఖాళీగా ఉంటుంది. ఎవరు పోతే వారి ఫొటో అందులో పడుతుంది.

జనవరిలో ఒక గాయని పోయినప్పుడు ఆ ఓవల్ తలుపంత ఉండేది. మార్చిలో ఒక మాజీ మంత్రి పోయేసరికి కిటికీ అంత అయింది. పరాంకుశం దగ్గరికి వచ్చేసరికి అన్నం పళ్లెమంత మిగిలింది.

తొమ్మిది గంటలకు మల్లికార్జున్ షాపుకు వచ్చాడు.

"యమునా, బస్టాండ్ ముంగట మన ఫ్రేముకు ఇరవై బై పది. పగటీలి రెండు గంటలకల్ల కట్టాలె. నా మొఖం జర తెల్లగ చెయ్యి."

"పోయినాయన మొఖమే కనవడ్తలేదన్నా."

"ఆయన్ను అందరెరుగుదురు. మమ్ముల ఎవరెరుగుదురు?"

ఈ మాటలో తప్పుంటే పట్టుకోండి చూద్దాం!

అప్పుడే వర్ధన్నపేట బస్సు దిగి లిదియా వచ్చింది. ఆమె భర్త రత్నం సరిగ్గా వారం కిందట చనిపోయాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో రిటైరయ్యేదాకా ముప్పై ఒక్క ఏళ్లు బస్టాండు మైకులో చెప్పిన మనిషి. ప్రతి ప్రకటన చివర "జర నిమ్మలంగ ఎక్కండి, పిల్లలను చూస్కోండి" అని చేర్చేవాడు. రాసిచ్చిన కాగితంలో ఆ మాటలు లేవు. అలా చేర్చవద్దని పైవాళ్లు రెండుసార్లు చెప్పారు. ఆయన మానలేదు.

"ఆదివారం మా చర్చిల ఆయనను తల్సుకునే ఆదరణ కూడిక ఉన్నది బిడ్డా" అంది లిదియా యమునతో. "ఆయన గొంతు అందరెరుగుదురు. మొఖం ఎవ్వలు చూడలే, గదిల కూసునేది గదా. బస్టాండ్ ముంగట గా ఫ్రేముకు ఒక్కపాలి ఆయన ఫొటో పెట్టియ్యాలె. ఆదివారం దాక చాలు."

మల్లికార్జున్ తల తిప్పాడు. "ఏ సినిమాల చేసిండమ్మా?"

"సినిమాల చెయ్యలే. బస్సుల పేర్లు చదివిండు."

"ఫ్రేము పదమూడు దినాలు మాదే. జర వేరే జాగ చూస్కో."

"జాగలు మస్తున్నయి కొడుకా. ఆయన పనిచేసిన జాగ గదొక్కటే."

మల్లికార్జున్‌కు ఫోన్ వచ్చింది. లిదియా చర్చి కోసం ఒక చిన్న ఫ్లెక్సీ చెప్పి, పర్సులోంచి భర్త పాస్‌పోర్ట్ ఫొటో తీసి ఇచ్చి వెళ్లిపోయింది. యమున దాన్ని స్కాన్ చేసి పరాంకుశం ఫొటో పక్కనే పెట్టుకుంది. ఆ గంటలో ఆమెకు పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. ఒకాయనకు పై వరస కావాలి. ఒకాయనకు పక్కనున్నాయన వద్దు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి యమున ఓవల్‌లో ఫొటో వేసింది. పడింది రత్నం ఫొటో.

పదకొండు గంటలకు ప్రూఫ్ ముప్పై ఎనిమిది మంది వాట్సాప్‌కు వెళ్లింది. ఇరవై రెండు సవరణలు వచ్చాయి. మీసం పలచగా ఉందని ఒకటి, కండువా రంగు మారిందని మూడు, తాను కొత్త ఫొటో పంపినా పాతదే వేశారని ఐదు. ఓవల్ గురించి ఒక్కటీ రాలేదు.

రెండు గంటలకు ఫ్లెక్సీ కట్టారు. మల్లికార్జున్ నిచ్చెన ఎక్కి ఓవల్‌కు దండ వేశాడు. మొహం ఫొటోగ్రాఫర్ వైపు ఉంచి వేశాడు. రెండు నిమిషాలు మౌనం పాటించాలనుకున్నారు. వీడియో నిమిషానికే సరిపోయింది కాబట్టి రెండో నిమిషం పాటించలేదు. పరాంకుశం తమ గుండెల్లో ఉన్నారని ఏడుగురు మాట్లాడారు. గుండెల్లో ఉన్న మనిషిని ఫ్లెక్సీలో వెతకడం ఎందుకు?

శుక్రవారం ఉదయం లిదియా బస్టాండులో దిగి పైకి చూసింది. అక్కడినుంచి షాపుకు నడిచి వచ్చింది.

"పెట్టినవు గద బిడ్డా! పేరు తప్పు పడ్డది గని మొఖం మంచిగొచ్చింది."

యమున ఫైలు తెరిచి చూసింది. ఓవల్‌లో రత్నం ఉన్నాడు.

"పేరుకేముంది" అంది లిదియా. "మైకుల ఆయన పేరు ఎన్నడు చెప్పుకోలే. ఆదివారం చర్చోళ్లను తోలుకొస్త. అప్పటిదాక ఉంటదా?"

"ఎవ్వలు చూడకపోతే ఉంటదమ్మా."

"చూడాల్ననే గదనే పెట్టుడు?"

ఒక్క ఫోన్ వస్తే ఫ్లెక్సీ దిగిపోతుందని యమునకు తెలుసు.

శనివారం పది గంటలకు ఫోన్ వచ్చింది. పైనుంచి రెండో వరసలో ఉన్న ఓంప్రకాశ్ చేశాడు.

"యమునా, ఫ్లెక్సీల పెద్ద తప్పు జరిగింది. ఇజ్జత్ పోయింది."

యమున కుర్చీలోంచి లేచింది. "చెప్పండన్నా."

"నా పేరు పక్కన గారు లేదు."

యమున స్టిక్కర్ కొట్టి ఇచ్చింది. ఓంప్రకాశ్ స్వయంగా నిచ్చెన ఎక్కి అతికించుకున్నాడు. ఆయన పేరుకూ ఓవల్‌కూ మధ్య జానెడు దూరం. స్టిక్కర్ వంకర పోకుండా నాలుగు వైపులా చూసుకున్నాడు. దిగి, కింద నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్లాడు.

ఇప్పుడు చెప్పండి. ఫ్లెక్సీల వల్ల నష్టం ఏమిటి? మూడు రోజులు అది బస్టాండు ముందు ఉంది. ముప్పై ఎనిమిది మందీ వచ్చి చూసుకున్నారు, ఇళ్లవాళ్లను తెచ్చి చూపించారు. ఎవరి కంటా నీరు రాలేదు. పరాంకుశం మీద ఒక్క చెడ్డమాట రాలేదు. ఇంత ప్రశాంతంగా జరిగిన సంతాపం ఈ మధ్యకాలంలో లేదు!

ఆదివారం కూడిక ముగిశాక లిదియా పదకొండు మందితో వచ్చి ఫ్రేము కింద నిలబడింది. మూడు గంటల పది నిమిషాలకు ఏటూరునాగారం బస్సు బయటికి వస్తూ గేటు దగ్గర ఆగింది. డ్రైవర్ సారయ్య తల బయటపెట్టి పైకి చూశాడు.

"తిరుమలా, గా మూలకున్నది మన రత్నమన్న గాదూ? పరాంకుశమని రాసిండ్రేంది?"

కండక్టర్ తిరుమల మెట్టు మీదికి వచ్చి చూసింది. "రత్నమన్ననే. అన్న వోయిండా? మనకెవ్వలు చెప్పలే."

"ఏ రత్నమమ్మా?" అని కిటికీలోంచి ఒక ముసలామె అడిగింది.

సారయ్య ఇంజిన్ ఆపాడు. కిందికి దిగి, బస్సు వైపు తిరిగి, ముక్కు కొంచెం పట్టుకుని గొంతు మార్చాడు. "ఏటూరునాగారం పోయేటోళ్లు జర నిమ్మలంగ ఎక్కండి, పిల్లలను చూస్కోండి."

"అయ్యో, గాయననా!" అంది ముసలామె.

ఎడమవైపు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. కుడివైపు కూర్చున్నవాళ్లు లేచి ఎడమవైపు వచ్చారు. లిదియా ఓవల్ వైపు చెయ్యి చూపించింది.

ఆ బస్సు మూడుంబావుకు గేటు దాటాలి. ఆదివారం మూడు ఇరవై రెండుకు దాటింది.