ఎవరూ చూడని అధ్యయనం

ఆ రోజుకు టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే టిఫిను ముగించాలి. పరిశోధన అధ్యాయం నకలు ఒకటి సంచిలో పెట్టుకోవాలి. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే ఇంకోసారి తిరగేయాలి. మధ్యాహ్నం విశ్వవిద్యాలయంలో కమిటీ ముందు కూర్చుని, అడిగినవాటికి జవాబులు చెప్పి, సాయంత్రానికి ఇంటికొచ్చి నిద్రపోవాలి. ఈ ఏడాదిలో ఆమె మనసారా కోరుకున్నది ఆ చివరి పని ఒక్కటే.

ఆమె చిన్న తరగతులకు పాఠాలు చెప్పేది. సెలవు పెట్టి, పిల్లలు బిగ్గరగా చదవడం గురించి పరిశోధన చేస్తోంది. ఈ విషయం మీద తనకంటే ముందు ఎవరెవరు ఏం తేల్చారో చెప్పే అధ్యాయం ఇవాళ కమిటీ ముందుకు వస్తుంది. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇవాళ కాదంటే నమోదు రద్దు. నమోదు రద్దయితే సెలవూ రద్దు, ఇన్నేళ్ళ పనీ అటకెక్కుతుంది. ఆ పనిలో సగం ఆమె భర్త గొంతులో ఉంది. ఆమె రాసిన ప్రతి పేజీనీ భోజనాలయ్యాక ఆయన పైకి చదివి వినిపించేవాడు. ఆయన పోయాక, ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ పైకి చదవడం లేదు.

చెప్పులు వేసుకుంటూ ఉండగా పరిశోధన గైడు ఫోన్ చేశాడు.

"బయల్దేరారా అమ్మా?"

"గుమ్మంలోనే ఉన్నాను సార్."

"బయటి నుంచి వచ్చే పరీక్షకుడు మారాడట. ఎవరో పెద్దాయన. ఆధారాల్లోంచి ఒక్కటి పట్టుకుని, 'దీన్ని మీరు కళ్ళారా చూశారా?' అని అడుగుతాడట. పోయిన వారం ఇంకో ఊళ్ళో ఒక కుర్రాణ్ణి అలాగే అడిగితే, పాపం మధ్యలో లేచి బయటికెళ్ళి మళ్ళీ రాలేదట."

"ఎక్కడికెళ్ళాడు సార్?"

"అది ఎవరికీ తెలీదు. మీరన్నీ చూసే రాశారుగా?"

"చూశాను సార్" అంది టీచరమ్మ. 'ఒకటి తప్ప' అన్న మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది.

ఆమె అశ్రద్ధగా రాసే మనిషి కాదు. మొదట్లో కంప్యూటర్లో 'చదవడం' అని కొట్టి, వచ్చిన వేల శీర్షికల్లో మునిగిపోయింది. తర్వాత మాటలు మార్చి మార్చి వెతకడం నేర్చుకుంది. ఒక మంచి వ్యాసం దొరికితే దాని చివరనున్న పట్టిక పట్టుకుని ఇంకో నాలుగింటి దగ్గరికి వెళ్ళడం నేర్చుకుంది. దొరికిన ప్రతిదాన్నీ నిలదీసింది. రాసిందెవరు? ఎంతమంది పిల్లల్ని పరీక్షించారు? అచ్చు వేసేముందు ఇంకెవరైనా సరిచూశారా? తర్వాత ఎవరైనా కాదన్నారా? ఈ ప్రశ్నలకు నిలవనివాటిని నిర్దాక్షిణ్యంగా పక్కన పడేసింది.

ఒక్కదాన్ని మాత్రం ఏమీ అడగలేదు. బిగ్గరగా చదివిన పాఠం పిల్లలకు రెట్టింపు గుర్తుంటుందని తేల్చిన పాత అధ్యయనం అది. ఒక శిక్షణ కళాశాల వార్షిక సంచికలో అచ్చయిందని గైడు రాసిన పుస్తకంలో ఉంది. నిజానికి ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఇంతమంది రాశారంటే ఇంతమందీ చూసే ఉంటారని ఆమె అనుకుంది. అధ్యాయంలో రెండో భాగమంతా దాని మీదే నిలబడింది. ప్రతులు కమిటీ చేతికి వెళ్ళిపోయాయి కాబట్టి కొట్టేయడానికి కూడా వీల్లేదు.

కోడలు గుమ్మంలోనే చతికిలబడటం చూసి అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. "ఏమైందమ్మాయ్? కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఒకదాన్ని చూడకుండా రాశానత్తయ్యా."

"చూడకుండా ఎలా రాశావు?"

"అందరూ రాశారు."

"అందరూ రాసేస్తే మళ్ళీ నువ్వు రాయడం దేనికి?"

పరిశోధన మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆమెను ఇంత సూటిగా ఎవరూ ప్రశ్నించలేదు. బస్సు కోసం పరిగెత్తింది. కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడవునా కళ్ళు మూసుకునే కూర్చుంది.

గ్రంథాలయంలో లైబ్రేరియన్ అప్పుడే బల్ల దులుపుకుంటున్నాడు. టీచరమ్మ ఆయాసపడుతూ అడిగింది. "ఆ శిక్షణ కళాశాల వార్షిక సంచికలు మన దగ్గర ఉన్నాయాండీ? చాలా పాతవి."

"కింద గదిలో ఉండాలి. ఎందుకు?"

"కమిటీకి వస్తున్న పెద్దాయన అడుగుతాడట. పుస్తకం కళ్ళారా చూడాలంటాడట."

లైబ్రేరియన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కింద గదిలో నిరుడు పైకప్పు కారి రెండు అలమరలు నానాయి. ఆ సంగతి ఆయన పైవాళ్ళకు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఎవరో పెద్దాయన కళ్ళారా చూడ్డానికి వస్తున్నాడు. "తాళంచెవి కనపడటం లేదండీ" అని, టీచరమ్మ అటు తిరగగానే కిందికి దిగి, తలుపుకి తాళం వేసి, 'మరమ్మతులు' అని రాసిన అట్టముక్క తగిలించాడు.

ఆ అట్టముక్కను శాఖాధ్యక్షురాలు చూసింది. మనిషి కాస్త గంభీరంగా ఉంటుంది. ఆమె గబగబా నడవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఇదేమిటి, ఇవాళే మరమ్మతులా?"

లైబ్రేరియన్ గొంతు తగ్గించాడు. "మీకు తెలీదా మేడమ్? పాతవన్నీ తీసి చూస్తారట. పరీక్షకుడు అందుకే వస్తున్నాడట."

"పాతవంటే... పాత సిద్ధాంత వ్యాసాలు కూడానా?"

"వాటిని వదుల్తారా మేడమ్!"

శాఖాధ్యక్షురాలు తన సిద్ధాంత వ్యాసాన్ని పాతికేళ్ళుగా తెరవలేదు. అందులో ఏముందో ఇప్పుడు ఆమెకే సరిగా తెలియదు, భయం కూడా అందుకే. పై అంతస్తు అలమరలోంచి దాన్ని తీసి, చీర కొంగు కింద పెట్టుకుని, గబగబా తన గదికి నడిచి బీరువాలో పెట్టేసింది.

కాసేపటికి గైడు టీచరమ్మతో కలిసి అదే అలమర దగ్గరికి వచ్చాడు. టీచరమ్మ చివరికి ధైర్యం చేసి అతనికి నిజం చెప్పేసింది. అతని ముఖం పాలిపోయింది. ఎందుకంటే అతనూ చూడలేదు. తన పుస్తకంలో ఆ వాక్యాన్ని శాఖాధ్యక్షురాలి సిద్ధాంత వ్యాసం నుంచి తీసుకున్నాడు. ఇప్పుడు అక్కడ ఖాళీ ఉంది. దుమ్ములో పుస్తకం మందాన చార.

"తీసుకెళ్ళిపోయాడు!" అన్నాడు గైడు గుసగుసగా. "ఆయన మనకంటే ముందే వచ్చాడమ్మా. మొదలు దగ్గర్నుంచి పట్టుకొస్తున్నాడు."

"ఇప్పుడెలా సార్?"

"నన్నడుగుతారేం? పదండి, మేడమ్‌నే అడుగుదాం."

ఇద్దరూ శాఖాధ్యక్షురాలి గదికి వెళ్ళారు. తలుపు లోపలి నుంచి గడియపెట్టి ఉంది. చాలాసేపు తట్టాక లోపలి నుంచి సన్నగా ప్రశ్న వచ్చింది. "ఎవరు? ఆయనా?"

"మేమే మేడమ్!"

బీరువా తెరుచుకోవడానికి మరికొంత బతిమాలడం అవసరమైంది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి ఆ వ్యాసం తిరగేశారు. ఆ వాక్యం ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో, ఒక పాత సదస్సు సంపుటంలోని వ్యాసం నుంచి తీసుకున్నట్టు రాసి ఉంది. అంటే ఆమె కూడా చూడలేదు.

"నేను మీ పుస్తకం చూసి ధైర్యంగా ఉన్నానండీ" అంది శాఖాధ్యక్షురాలు గైడుతో.

"నేను మీ సిద్ధాంత వ్యాసం చూసి ధైర్యంగా ఉన్నాను మేడమ్."

'నేను మీ ఇద్దర్నీ చూసి' అనుకుంది టీచరమ్మ.

లైబ్రేరియన్ చేత తాళం తీయించడానికి, పైకప్పు సంగతి ఎవరికీ చెప్పబోమని ముగ్గురూ మాటివ్వాల్సి వచ్చింది. కింద గదిలో తడి కాగితాల వాసన. ఒక్క దీపం వెలుగుతోంది. సదస్సు సంపుటం దొరికింది. టీచరమ్మ పేజీ తెరిచి వ్యాసం రాసినవారి పేరు చూసింది. తర్వాత, విశ్వవిద్యాలయం ఆఫీసులో ఇందాక చేతికిచ్చిన కొత్త కమిటీ పిలుపు సంచిలోంచి తీసి, పరీక్షకుడి పేరు చూసింది. రెండూ ఒకటే.

"హమ్మయ్య" అన్నాడు గైడు. "ఆయన చూసే ఉంటాడు. సాక్షాత్తూ ఆయనే రాశాడు కదా!"

ఈలోగా లైబ్రేరియన్ ఆ వార్షిక సంచికను కూడా తెచ్చాడు. అంచులు ఉబ్బి ఉన్నా అక్షరాలు చెదరలేదు. టీచరమ్మ విషయసూచిక చదివింది. తర్వాత మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్కటీ తిప్పింది. తోటపని మీద వ్యాసం ఉంది. క్రీడల బహుమతుల వివరాలున్నాయి. ప్రిన్సిపాల్ నివేదిక ఉంది. అధ్యయనం మాత్రం లేదు. ముందు ఏడాది సంచికలోనూ లేదు, తర్వాతి ఏడాది సంచికలోనూ లేదు.

పైకప్పు నుంచి ఒక చుక్క రాలింది.

"చూశానని చెప్పేయండమ్మా" అన్నాడు గైడు చివరికి. "లేదంటే ఆయన ముఖం మీదే ఆయన తప్పు రాశాడని చెప్పినట్టవుతుంది. నాకింకా మూడేళ్ళ సర్వీసుంది."

"చూశాననడం కూడా ఎందుకు? తల ఊపితే చాలు" అంది శాఖాధ్యక్షురాలు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, నీళ్ళ జగ్గు, గోడమీద ఆగిపోయిన గడియారం. పరీక్షకుడు బక్కపలచని ముసలాయన. అధ్యాయాన్ని ఒక్కో పేజీ తిప్పుతూ ఏమీ అడగలేదు. టీచరమ్మ ఒళ్ళో చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. పేజీ రెండో భాగం దగ్గరికొచ్చింది. ఆయన వేలు ఒక వాక్యం మీద ఆగింది.

"అమ్మా, ఈ అధ్యయనం... దీన్ని మీరు కళ్ళారా చూశారా?"

గైడు నీళ్ళు తాగబోయి గ్లాసు అలాగే పట్టుకున్నాడు. శాఖాధ్యక్షురాలు, ఎలా ఊపాలో చూపిస్తున్నట్టు, తనే మెల్లగా తల ఊపింది.

టీచరమ్మ నోరు తెరిచింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పేజీ చదివి వినిపిస్తూ, ఏదైనా తేడాగా వినిపిస్తే చాలు, ఆగి తలెత్తి ఆమె వంక చూసే భర్త గుర్తొచ్చాడు.

"చూడలేదండీ" అంది. "ఇవాళ పొద్దుటిదాకా వెతకనే లేదు. ఇవాళ వెతికాను. ఆ సంచిక దొరికింది. అందులో లేదు. ముందు వెనక సంచికల్లోనూ లేదు. అందరూ ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారు. అన్నిటికంటే పాతది..." ఆగింది. "అన్నిటికంటే పాతది మీ వ్యాసమండీ."

పరీక్షకుడు కళ్ళజోడు తీశాడు.

"లేదా? ఆ సంచిక మొత్తం తిప్పారా?"

"తోటపనితో సహా."

"అయ్యో తల్లీ!" అన్నాడాయన, కుర్చీలో వెనక్కి వాలి. "మా మాస్టారు తరగతిలో నల్లబల్ల మీద రాస్తే, నమ్మి రాసేశాను. తర్వాత వెతికితే ఆ సంచిక నాకెక్కడా దొరకలేదు. ఏ కమిటీకి వెళ్ళినా ఎవరో ఒకరు దాన్ని రాస్తారు. చూసినవాళ్ళెవరైనా ఉంటారేమో, నా పరువు నిలబడుతుందేమోనని అందర్నీ అడుగుతున్నాను. అందరూ చూశామనే అంటారు. పోయిన వారం ఒకబ్బాయి 'నా గదిలో ఉంది, ఇప్పుడే తెస్తా' అని వెళ్ళాడు. రాత్రి దాకా కూర్చున్నానమ్మా, రాలేదు."

గైడు గ్లాసులో నీళ్ళన్నీ తాగేశాడు.

అధ్యాయం ఆమోదం పొందింది. షరతు ఒక్కటే. రెండో భాగం తీసేసి, ఆ అధ్యయనాన్ని ఎలా వెతికిందో, ఎందుకు లేదంటోందో అక్కడ రాయాలి. శాఖాధ్యక్షురాలి సిద్ధాంత వ్యాసం తిరిగి అలమరకు చేరింది, ఈసారి పై అరలో, నిచ్చెన లేనిదే అందని చోట.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. "సెలవు ఉందా, పోయిందా?"

"ఉందత్తయ్యా."

"మరి ఆ చూడనిది?"

"అసలు లేదట. బిగ్గరగా చదివితే రెట్టింపు గుర్తుంటుందని ఎవరూ తేల్చలేదు."

అత్తగారు పక్కకు జరిగి దారిచ్చింది. "మా వాడు పైకి చదివినవన్నీ నాకు గుర్తున్నాయే."

"ఒక్కరితో రుజువు కాదత్తయ్యా" అంది టీచరమ్మ. చెప్పులు విప్పి, సంచిలోంచి అధ్యాయం తీసి, మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది.

కొత్త రెండో భాగం మరుసటి ఏడాది విడి వ్యాసంగా అచ్చయింది. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు చాలామంది దాన్ని తమ ఆధారాల్లో గౌరవంగా చేర్చుకున్నారు, బిగ్గరగా చదివిన పాఠం పిల్లలకు రెట్టింపు గుర్తుంటుందన్న వాక్యం కింద.